బాదం పాలు, సోయా పాలు ఒకటి కాదు

ఆవు పాలు పడనివాళ్లు బాదం, ఓట్స్, సోయా పాలల్లో ఏవైనా తాగొచ్చని మీ వ్యాసంలో రాశారు. అన్నీ ఒకటి కాదండీ. గ్లాసు ఆవు పాలల్లో 8 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటే, డబ్బా బాదం పాలల్లో చాలావరకు 1 గ్రామే. సోయా పాలల్లో 7 దాకా ఉంటుంది. మా అమ్మకు లాక్టోజ్ (ఆవు పాలల్లో ఉండే చక్కెర) పడదు, అందుకే సోయాకు మారాం. డబ్బాల్లో వచ్చే ఈ బాదం, సోయా పాలల్లో కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది, బాగా కుదిపి పోసుకోవాలి. కాఫీలో విరిగిపోతుంటే డికాక్షన్ కాస్త చల్లారనిచ్చి, గోరువెచ్చటి పాలు కలపండి. ఇంట్లో తీసిన సోయా పాలల్లో కాల్షియం తక్కువే, రాగులు, నువ్వులు తినాల్సిందే. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తల్లిపాలకో, ఫార్ములాకో (పసిపిల్లల పాలపొడి) బదులుగా ఇవేవీ పట్టకూడదు. దయచేసి ఈ మాట వ్యాసంలో చేర్చండి.