లెస్సార్‌లో సార్

డాక్యుమెంట్ రైటర్ అడిగిన ఐదొందలు మిగుల్చుకుందామని మా అద్దె అగ్రిమెంటు నేనే ఇంగ్లీషులో టైపు చేశాను. స్టాంపు పేపరు మీద ప్రింటు తీయించి, కాకినాడలో మా ఓనరు బాబాయిగారి చేతిలో పెట్టాను. ఆయన రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు. కాగితం చేతికొస్తే ముందు వెనక్కి తిప్పి చూస్తారు, తర్వాతే చదువుతారు.

రెండో పేరాలో ఆగిపోయారు.

"ఏమయ్యా, ప్రతి నెలా 5వ తేదీలోగా 12,000 నేను నీకు కట్టాలా?"

"మీరెందుకు కడతారు బాబాయిగారూ!"

"లెస్సార్ కట్టాలని రాశావు. లెస్సార్ అంటే నేను."

నా లెక్క వేరు. లెస్సీలో 'ఈ' ఉంది కదా, ఈయడమంటే ఇవ్వడమే కదా, ఇల్లిచ్చేవాడే లెస్సీ అనుకున్నాను. ఒకచోట తప్పితే కొట్టేసి దిద్దుకోవచ్చు. నేను మూడు పేజీల్లోనూ నిష్ఠగా తప్పాను. ఆ కాగితం ప్రకారం బాబాయిగారు సొంతింటి గోడకు మేకు కొట్టకూడదు. రాత్రి పదిన్నర దాటాక గేటు తీయమనకూడదు. రెండు నెలలు అద్దె బాకీ పడితే ఆయన్ని ఖాళీ చేయించే హక్కు నాకుంది. ఈ ముక్క దగ్గర పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళిపోయారు. "ఆ సంతకమేదో పెట్టేయండి" అని వంటింట్లోంచి వినిపించింది.

బాబాయిగారు వినిపించుకోలేదు. "1882 ఆస్తి బదిలీ చట్టం, 105వ సెక్షను. ఇచ్చేవాడు లెస్సార్, పుచ్చుకునేవాడు లెస్సీ. గుర్తుండకపోతే ఇలా అనుకో. లెస్సార్‌లో సార్ ఉన్నాడు. ఆ సార్‌ని నేను."

మర్నాడు ఇంకో స్టాంపు పేపరు కొని, డాక్యుమెంట్ రైటర్ దగ్గరికే వెళ్ళాను.

మూడేళ్ళకు ఫ్లాటు కొన్నాను. బ్యాంకు కాగితాల్లో నా పేరు పక్కన మార్ట్‌గేజర్ అని ఉంది. పాత దెబ్బ గుర్తుంది కాబట్టి వెంటనే పట్టేశాను.

"సార్, ఇది తప్పు పడింది. ఇచ్చేది మీరు. మార్ట్‌గేజర్ మీరే అవ్వాలి."

ఆఫీసరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అప్పు మేమిస్తున్నామండీ. ఇల్లు తనఖా ఇచ్చేది మీరు. ఇది తనఖా కాగితం. మార్ట్‌గేజీ మా బ్యాంకు."

ఇంటికొచ్చి బాబాయిగారికి ఫోన్ చేశాను, నేను కూడా 'ర్' అయ్యానని.

"సంతోషం. ఈఎంఐ ఎన్నేళ్ళు?"

"ఇరవై."

"అప్పట్లో నువ్వు రాసిందే ఇది. ఇల్లిచ్చినవాడే నెలనెలా కట్టాలన్నావుగా? కట్టు."