సేవ చెయ్యమని చెప్పకండి, పని అప్పగించండి

"ఇప్పటి పిల్లలకు ఫోన్ తప్ప ఇంకేం పట్టదు" అనే మాట మన విజయవాడలో ఎక్కడ కూర్చున్నా వినిపిస్తుంది. విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్‌ని, పాయకాపురాన్ని, రాజరాజేశ్వరిపేటను ముంచేసినప్పుడు నడుం లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు, మంచినీళ్ల క్యాన్లు మోసిన వాళ్లలో ఇరవై దాటని కుర్రాళ్లు ఎంతమందో నేను కళ్లారా చూశాను. ఎవరూ పిలవలేదు వాళ్లని. వాళ్లే వచ్చారు.

నీళ్లు తీసేశాక వాళ్లంతా ఎటు పోయారన్నదే నా బాధ. తప్పు వాళ్లది కానే కాదు. "రేపు కూడా రా, ఈ వీధి నీది, ఈ పిల్లలు నీ బాధ్యత" అని చెప్పే పెద్దవాళ్లు కరువయ్యారు.

మార్గదర్శనం అనగానే మనకు గుర్తొచ్చేది స్టేజీ, మైకు, గంట ఉపన్యాసం. దాంతో ఎవరైనా మారారంటే నేను నమ్మను. నన్ను మార్చింది కృష్ణలంకలో మా వీధి అన్న ఒకాయన. పాలిటెక్నిక్ చదువుతూ, సాయంత్రాలు వాళ్ల డాబా మీద మాకు పదో తరగతి లెక్కలు చెప్పేవాడు. పైసా తీసుకోలేదు, సమాజం గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. రిజల్ట్స్ వచ్చిన రోజు మాత్రం "వచ్చే ఏడాది ఏడో తరగతి వాళ్లని నువ్వు చూసుకో" అన్నాడు. అంతే. అప్పటిదాకా నాకు అందరూ పని చెప్పేవాళ్లే. నన్ను నమ్ముకుని ముగ్గురు పిల్లలు పుస్తకాలు తెరుచుకుని కూర్చోవడం అదే మొదటిసారి. ఒంట్లో బాగోలేకపోయినా మానబుద్ధి అయ్యేది కాదు. వాళ్లలో ఒకడు ఇప్పుడు డిగ్రీ చదువుతూ అదే డాబా మీద పాఠాలు చెప్తున్నాడు.

ఎన్ఎస్ఎస్ (విద్యార్థుల జాతీయ సేవా పథకం) ఆలోచన కూడా ఇదే కదా. 1969లో గాంధీ శతజయంతి సంవత్సరంలో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ఏడాదికి 120 గంటల సేవ, ఒక ఊళ్లో ఏడు రోజుల క్యాంపు. మనసు పెట్టి నడిపే ప్రోగ్రాం ఆఫీసర్ దొరికిన పిల్లల అదృష్టమే వేరు. కానీ చాలా చోట్ల జరిగేదేంటి? బ్యానర్ కట్టి, చీపుర్లు పట్టుకుని ఫొటో దిగి, మొక్కలు నాటి, సర్టిఫికెట్ తీసుకోవడం. ఆ మొక్క బతికిందో లేదో చూడ్డానికైనా మళ్లీ అదే ఊరు వెళ్లాలి కదా! సేవకని ఎంచుకున్న దత్తత గ్రామం అన్నాక అక్కడి మనుషుల పేర్లు తెలియాలి. ఒక పూటలో వచ్చేది కాదు ఆ బంధం.

ఇంటర్ పిల్లల సంగతి ఇంకా దారుణం. పోరంకి, నిడమానూరు, గూడవల్లి వైపు హాస్టళ్లలో రాష్ట్రం నలుమూలల పిల్లలూ ఉంటారు. పదిహేను, పదహారేళ్ల వయసు, పక్కవాడి కోసం నిలబడడం అలవాటయ్యే వయసు. వాళ్లతో పెద్దవాళ్లు మాట్లాడేది మార్కుల గురించే. పక్క మంచం వాడు రాత్రంతా ఏడ్చినా పోటీదారుగానే చూడమని నేర్పుతున్నాం. ఆ రెండేళ్లూ ఇలా గడిపించి, తర్వాత ఊరి మీద ప్రేమ లేదని వాళ్లనే తిట్టడం అన్యాయం.

ఇదే విజయవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ముందుండి నడిపిన అయ్యంకి వెంకట రమణయ్య గారికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు నిండలేదు. ఆ ఉద్యమం తర్వాతి తరానికి చెందిన పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా పెదపాలెంలో కాలువ పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు, గ్రంథాలయం నడపడం కుర్రాళ్లకు నేర్పారు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పని మారింది కాబట్టే అది అన్నేళ్లు నిలబడింది.

ఊరి కోసం బయటి నుంచి డబ్బు పంపేవాళ్లకు దండం, అదీ కావాలి. కానీ ఊళ్లోనే ఉన్న మనం గంటలు ఇవ్వగలం. పదో తరగతి పరీక్షలు మార్చిలో. దసరా సెలవులు అయ్యాక మొదలుపెట్టినా టైం సరిపోతుంది. మీకు దగ్గర్లో ఉన్న మున్సిపల్ హైస్కూల్ హెడ్‌మాస్టర్‌ని కలవండి, లెక్కల్లో వెనకబడ్డ ఇద్దరి పేర్లు అడగండి. ఆదివారం రెండు గంటలు చాలు. వాళ్లు పాసయ్యాక స్వీట్లు పంచి వదిలెయ్యకండి, తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దర్ని వాళ్ల చేతికి అప్పగించండి.