ఠాణా కాగితం తెస్తేనే గోలీ ఇస్తారట

ఇప్పుడే దవాఖాన నుంచి వచ్చాను, ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. మా వాడకట్టు అమ్మాయికి తోడు వెళ్లాను. ఆమె గురించి ఇంతకు మించి ఒక్క ముక్క రాయను, కామెంట్లలో ఎవరూ అడగొద్దు. కౌంటర్ దగ్గరి మనిషి తలెత్తకుండానే "ఎఫ్‌ఐఆర్ ఉందా? లేకపోతే ఠాణాకు పోయి కాగితం తీసుకురండి" అన్నాడు. అదీ మరాఠీలో (మాది మహారాష్ట్రే, ఇంట్లో మాత్రం తెలుగు), లైన్లో ఉన్నవాళ్లందరికీ వినబడేలా.

అయ్యా, అడిగింది ఒక్క గోలీ. కడుపు రాకుండా వేసుకునే లెవోనోర్జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు. అత్యాచారం జరిగిన 72 గంటల్లో వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. మీ కాగితం వచ్చేదాకా ఆ గంటలు ఆగుతాయా? అత్యాచారం జరిగిన మనిషి వస్తే, సర్కారుదైనా ప్రైవేటుదైనా దవాఖాన వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని 2013లోనే చట్టం వచ్చింది. చేయకపోతే ఏడాది దాకా జైలు. పోలీసులకు కబురు పెట్టాల్సింది కూడా దవాఖానే. ఇది చెబితే "మీరు వకీలా?" అన్నాడు. ఎంత తెలివి!

లోపల నర్సమ్మ ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది. "కడుపు తీసే మందులు ఇవ్వం" అంది. తల్లీ, అది కడుపు తీసేది కాదు, అండం విడుదలను ఆపేది. నిలిచిన కడుపును అదేమీ చేయదు. ఆశా అక్కలు ఇంటింటికీ రెండు రూపాయలకు ఇచ్చేలా పథకం ఉన్న గోలీ ఇది! చివరికి బయట మందుల దుకాణంలో కొన్నాం. చీటీ కూడా అడగలేదు. మరి హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు? దాని గడువూ 72 గంటలే, దాన్ని దుకాణంలో చాక్లెట్లలా అమ్మరు. జిల్లా కేంద్రానికి పొండి అన్నారు. ప్రాణహిత ఒడ్డు నుంచి గడ్చిరోలి ఎంత దూరమో బస్సెక్కినవాళ్లకు తెలుసు.

అసలు నా మంట ఈరోజుది కాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపు పెట్టినప్పుడు వీళ్లే జీపు పంపి ఇంటి ముందు హారన్ కొట్టించారు. మా వదిన పచ్చి బాలింత, వద్దు వద్దంటున్నా తెలుగులో నచ్చజెప్పే మనిషి ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు. ఇంతమందికి ఆపరేషన్లు చేయాలనే టార్గెట్లు 1996లోనే ఎత్తేశారట, జీపుకు ఆ సంగతి తెలియనట్టుంది. అప్పుడు ఏ ఠాణా కాగితమూ అడగలేదు. వేలిముద్ర వేయించుకున్న ఫారం మాత్రం మరాఠీలో ఉంది, ఎవరూ చదివి వినిపించలేదు.

రేపు జిల్లా దవాఖాన పెద్ద డాక్టరు, అదే సివిల్ సర్జన్‌కు ఫిర్యాదు పంపుతున్నాను, తెలుగులోనే. చదివిపెట్టే మనిషిని ఈసారి వాళ్లే వెతుక్కోవాలి.