సంప్రదాయం ఏ సంవత్సరంలో ఆగాలి?

ఒక్క గుండు పేల్చడానికి నిమిషం తీసుకునే తుపాకీని, అదీ కేవలం సరదా కోసం, కొనదలచిన పెద్దమనిషికి ముందుగా నా నమస్కారం. ఇప్పటి రైఫిల్ అయితే అదే నిమిషంలో పెట్టెడు తూటాలు ఖాళీ చేసి, ఒక్కటీ తగల్లేదని తేల్చుకొని, నెపం గాలి మీదికి నెట్టి ఇంటిదారి పట్టవచ్చు. మూతిలోంచి మందు దట్టించే రైఫిల్‌తో ఆ సౌఖ్యం లేదు. మందు కొలిచి పోయాలి, తడిపిన గుడ్డపేలికలో సీసపు గుండును పొదిగి మూతిలోకి నొక్కాలి, కడ్డీతో అడుగుదాకా దించాలి, ఆపైన నిప్పు పుట్టే ఏర్పాటు చూసుకోవాలి. ఇంత సేవ చేయించుకొని అది పేలితే, గుండు ఎక్కడ తగిలిందో పొగ తొలగేదాకా తెలియదు.

ఈ కష్టాన్ని కోరి కొనుక్కునేవాడికి ఎంపిక తేలిక అనుకుంటే పొరపాటు. అసలు చిక్కు ధరలోనూ బరువులోనూ లేదు. సంప్రదాయం ఏ సంవత్సరం దాకా వచ్చి ఆగిపోవాలో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ రంగంలో ప్రతివాడికీ తన తుపాకీ పుట్టిన ఏడాది దాకా జరిగినదంతా సంప్రదాయం, ఆ మర్నాటి నుంచి జరిగినదంతా భ్రష్టత్వం.

చెకుముకి తుపాకీ వారిని చూడండి. ట్రిగ్గర్ నొక్కితే రాయి ఉక్కు రేకును గీరుతుంది, నిప్పురవ్వలు పక్కనున్న చిన్న పళ్ళెంలో పడతాయి, అక్కడి చిటికెడు మందు భగ్గుమంటుంది, ఆ మంట సన్నని రంధ్రంగుండా లోపలి మందును అంటుకుంటుంది. ఇన్ని మజిలీల మధ్య, సరిగ్గా సవరించని తుపాకీలో, కాల్చేవాడు ఉలిక్కిపడి గురి చెదరగొట్టుకోవడానికి కావలసినంత తీరిక దొరుకుతుంది. ఒక్కోసారి పళ్ళెం భగ్గుమని ముఖానికి వెలుగిచ్చి ఊరుకుంటుంది, లోపలి మందు మాత్రం అంటుకోదు. దీన్ని వారు లోపమనరు, శిక్షణ అంటారు.

ఈ శిక్షణను భరించలేకపోయినవాడు స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ జాన్ ఫోర్సైత్ అనే మతగురువు. పళ్ళెంలో మంట కనబడగానే పక్షులు ఎగిరిపోతున్నాయని ఆయన బాధ. అందుకని దెబ్బ తగిలితే పేలే రసాయనంతో మందును అంటించే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తరవాతి సంవత్సరాల్లో అది వేలిగోరంత రాగి టోపీగా మారింది, సుత్తి దాని నెత్తిన పడగానే తుపాకీ పేలసాగింది. చెకుముకి వర్గం దృష్టిలో పతనం మొదలైంది అక్కడే. టోపీ తుపాకీ వారు అది తమ తాతల ఆస్తి అన్నంత గంభీరంగా భుజాన వేసుకొని, 1985లో అమెరికాలో టోనీ నైట్ తెచ్చిన ఇన్‌లైన్ రైఫిల్‌ను, అంటే మూతిలోంచే దట్టించినా టోపీ మందుకు సరిగ్గా వెనకే ఉండే తుపాకీని, చూసి ముక్కు మూసుకుంటారు. పాత ఆయుధాలవారికని కొన్ని అమెరికా రాష్ట్రాలు విడిగా వేట రోజులు కేటాయించాయి, ఆ రోజుల కోసమే ఈ అతినవీనమైన పాత ఆయుధం వర్ధిల్లింది. నిబంధనలో ఖాళీ కనబడితే మనిషి మేధ ఎంత చురుకవుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

చెకుముకి వారు తామే శిఖరం మీద ఉన్నామని మురిసిపోనక్కరలేదు. వెలుగుతున్న వత్తితో మందును అంటించే పాత తుపాకీ పట్టుకున్న మనిషి మైదానానికి ఒక్కడు వచ్చాడా, వారి రాయీ ఉక్కూ ఆ క్షణంలోనే కొత్త ఫ్యాషన్ అయిపోతాయి. ఆయన ఏమీ అనడు కూడా, వత్తి ఊదుకుంటూ నిలబడతాడు.

సంవత్సరం కుదిరాక కొలతల దగ్గరికి రావాలి. పెన్సిల్వేనియాలో జర్మన్ పనివారు మలచిన పొడుగు రైఫిల్ అందం వేరు, కానీ దాని గొట్టమే 42 అంగుళాలు ఉండటం మామూలు, మొత్తం కలిపితే అయిదడుగుల దాకా వస్తుంది. పొట్టివాడు దాని మూతిలో మందు పోయాలంటే ఎవరినో ముద్దు పెట్టుకోబోతున్నట్టు మునివేళ్ళ మీద లేవాలి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు చేసిన తరహా రైఫిల్ పొట్టిది, బరువైనది, నిలబడి దట్టించడానికి వీలైనది, అందుకే తెలిసినవారు కొత్తవారికి దాన్ని చూపిస్తారు. ఎడమచేతివాటం వారు మాత్రం ఎడమవైపు యంత్రం ఉన్నదే అడిగి తీసుకోవాలి, లేకపోతే పళ్ళెంలోని మంట కళ్ళముందే వెలుగుతుంది.

గుండును గిరగిర తిప్పడానికి గొట్టం లోపల మెలికగా చెక్కిన గాడుల సంగతి మరచిపోతే మాత్రం కొన్న డబ్బు పొగే. పేలికతో వేసే గుండ్రని గుండుకు 60, 70 అంగుళాలకు ఒక్క చుట్టు తిరిగే నిదానమైన మెలిక చాలు, పొడుగాటి మొనదేలిన గుండుకు 30 అంగుళాల లోపే ఒక చుట్టు తిరగాలి. రెండూ కాల్చవచ్చంటూ 48 అంగుళాల మెలికతో చాలా తుపాకులు అమ్ముతారు. ఇద్దరు చుట్టాలనూ నొప్పించని పెళ్ళిపెద్ద లాంటిది అది, ఇద్దరికీ కాస్త కాస్త అసంతృప్తి మిగులుస్తుంది. నా మాట వింటే గుండ్రని గుండుకే కట్టుబడండి. గొట్టం వ్యాసం అరంగుళమైతే గుండు 0.490 అంగుళం, మిగిలిన సందును పేలిక నింపుతుంది. పేలిక బిగువు తేడా పడితే ఇక ఏ దేవుడూ మీ గురిని కాపాడడు.

మందు గురించి ఒక్క మాట. నూటికి 75 పాళ్ళు సూరేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం కలిసిన నల్లటి తుపాకి మందు ఇది. తొందరలో దాన్ని నల్లమందు అనకండి, ఆ వ్యసనం వేరు, అది ఇంతకంటే చవకేమో కూడా. దీని బదులు ఇప్పటి తూటాల్లో వాడే పొగలేని మందు పోస్తే గొట్టం పగులుతుంది. హాస్యమంతా పక్కన పెట్టి చెబుతున్నాను, ఆ పని ఎప్పుడూ చేయకూడదు. మందుకొమ్ము నుంచి నేరుగా గొట్టంలోకి పోయడమూ అంతే, లోపల నిప్పుకణిక మిగిలి ఉంటే చేతిలోని కొమ్మే పేలుతుంది. విడిగా కొలిచి పోయాలి.

ఇంత తెలిసిన నేను మొదటి వారంలోనే ఎదుటివారితో సంప్రదాయం గురించి వాదిస్తూ, మందు పోయకుండా గుండు దట్టించాను. టోపీ టప్పుమంది, తుపాకీ మౌనం వహించింది. కడ్డీ చివర మర బిగించి, ఆ మరను సీసంలోకి తిప్పి, ఇద్దరు పట్టుకొని లాగితే గుండు బయటికి వచ్చింది. నేను ఓదార్పు కోసం అమెరికా అంతర్యుద్ధంలో 1863 నాటి గెటిస్‌బర్గ్ యుద్ధాన్ని తలచుకున్నాను. అక్కడ ఏరిన 27,000కు పైగా తుపాకుల్లో వేలకొద్దీ తుపాకులు ఒకటికి మించి దట్టింపులతో దొరికాయి, ఒకదానిలో 23 ఉన్నాయని లెక్క రాశారు. ఆ సైనికుల మీద ఫిరంగులు పేలుతున్నాయి, నా మీద మాత్రం ఎవరూ కాల్చడం లేదు.

నేను కొన్నది టోపీ తుపాకీయే. పక్క వరుసలో చెకుముకి తుపాకీతో నిలబడ్డ పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "యంత్రాలతో మాకు సరిపడదు బాబూ" అని తిరిగి ఇచ్చేశారు. ఆయన ముక్కు మీద కళ్ళను కాపాడే ప్లాస్టిక్ అద్దాలు, చెవులకు చప్పుడు ఆపే డిప్పలు ఉన్నాయి, పెట్టుకోవలసినవే, నేనూ పెట్టుకున్నాను.

ఆ రాత్రి గొట్టం కడగడానికి కూర్చున్నాను. కాలిన మందు మసి తేమను పీల్చుకుంటుంది, తెల్లవారేసరికి తుప్పు పట్టిస్తుంది, కాబట్టి ఎంత అలసినా వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి పడుకోవాలి. మూడో పేలికా నల్లగానే వచ్చింది. గదంతా కుళ్ళిన కోడిగుడ్ల వాసన. నాలుగో పేలిక కడ్డీకి చుడుతూ, పక్కన తెరిచి పెట్టిన చెకుముకి రైఫిళ్ళ బొమ్మల పుస్తకంలో ఎడమచేత్తో పేజీ తిప్పాను.