సీడీకి బొట్టు

విజయనగరం గంటస్తంభానికి కూతవేటు దూరంలో ఒక సందుంది. ఆ సందులో పాత సామాన్ల కొట్టు. కుట్టుమిషను చక్రాలు, మూతల్లేని మిక్సీ జార్లు, వాటి వెనక అట్టపెట్టెలో సీడీలు. పైన సుప్రభాతాలు, మధ్యలో ఎవరిదో పెళ్లి వీడియో, అడుగున, వెతికే ఓపికుంటే, రాక్ ఆల్బమ్‌లు.

కొట్టాయన మీద నాకు కోపం లేదు. ధర మీదా లేదు. నా గొడవల్లా రేటు చీటీతోనే. తెల్లగా, గుండ్రంగా, చొక్కా గుండీ అంత ఉంటుంది. దాన్ని ఆయన డబ్బా మీద అంటించడు. డబ్బా తెరిచి, సీడీని బయటికి తీసి, పేరంటానికొచ్చిన ముత్తయిదువకి పెట్టినట్టు దాని నుదుట పెడతాడు.

"పైన అంటించేవేం బాబూ?" అన్నాను.

"పాటలు కింద పక్కన కదా ఉంటాయి? పైన ఉత్త బొమ్మే కదేటి?"

ఈ శాస్త్రం తెలిసినవాళ్లు మన జిల్లాలో ఇంటికొకరున్నారు. కింద మెరిసే వైపు పసిబిడ్డలా చూస్తారు, పైవైపు టీ గ్లాసు పెడతారు. 1982లో జపాన్‌లో మొదటి సీడీలు అమ్మకానికొచ్చిన నాటి నుంచీ ఆ బిళ్ల కట్టుబడి ఒకటే. మందం 1.2 మిల్లీమీటర్లు, అందులో దాదాపు అంతా కింది ప్లాస్టిక్కే. పాట ఉండే అల్యూమినియం పొర పైన, బొమ్మకి ఆనుకుని ఉంటుంది. దానికి కాపలా వార్నిష్ లాంటి పల్చటి పూత. కింద గీత పడితే పాలిష్ పెట్టుకోవచ్చు. రెండు మిల్లీమీటర్ల మేర పోయినా ప్లేయరే లెక్కగట్టి పూడ్చుకుంటుంది. పైన చీటీ పీకితే పాటే ఊడొస్తుంది.

"డబ్బా మీద అంటిస్తే ఏం పోయింది?"

"మారిసేత్తారు బాబూ! సవక డబ్బాలో కరీదు బిళ్ల ఎట్టుకుని పట్టుకుపోతారు. మనుషుల్ని నమ్మలేం."

మంచి మాటే. కాకపోతే ఆ పెట్టె అడుగుకి చెయ్యి పెట్టేవాణ్ణి ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే. అంటే ఈ భద్రతా ఏర్పాట్లన్నీ ఎవరి కోసమో నాకర్థమైంది. నా మీద అనుమానంతో చేయించిన బందోబస్తుకి నేనే అరవై రూపాయలు చెల్లించి, నమస్కారం కూడా పెట్టి వచ్చాను.

కొన్నది డైర్ స్ట్రెయిట్స్ అనే ఇంగ్లీషు రాక్ బృందం వాళ్ల 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్'. 1985 నాటిది. పది లక్షలు అమ్ముడైన మొదటి సీడీ అని దానికి పేరు. ఇంటికొచ్చి చీటీకి కొబ్బరినూనె రాశాను, గంట ఆగాను, గోటితో అంచు లేపాను. తెల్ల కాగితం వెనక వెండి రంగు పొర అతుక్కుని వచ్చేసింది, మీగడలా. బిళ్లని ట్యూబ్‌లైట్ కేసి పెట్టి చూస్తే ఆ చిల్లులోంచి మా గోడ మీది క్యాలెండర్ కనిపించింది. ఏకాదశి.

సీడీ లోపలి నుంచి బయటికి పాడుతుంది. ఆయన చీటీ పెట్టింది అంచు దగ్గర. కాబట్టి ఎనిమిది పాటలు నిక్షేపంగా పాడాయి. తొమ్మిదోది, ఆల్బమ్‌కి పేరిచ్చినది, మార్క్ నాఫ్లర్ గిటారు మెల్లగా లేచే చోట, టక్... టక్... టక్.

ఇదంతా నవ్వుతూ రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆ డబ్బాలోని పుస్తకం మడత నలగలేదయ్యా! బిళ్ల కింద ఒక్క గీత లేదు. ఎవడో మహానుభావుడు ఏళ్ల తరబడి అంచులు పట్టుకు తీశాడు, అంచులు పట్టుకు పెట్టాడు. ఇల్లు మారినా, ఊరు మారినా కాపాడాడు. దాన్ని పావలా చెయ్యని జిగురు ముక్కతో తగలేస్తారా? ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల ఉన్న ఊరిది. ఆయన ఫిడేలు తీగల మీద అంటిస్తారా రేటు? వేళ్లు విరగ్గొట్టమూ? ఇంగ్లీషు పాట గనక ఎవడికీ పట్టదు, అంతేగా!

మర్నాడు వెళ్లి ఈ ముక్కలన్నీ ఆయనకి చెప్పాను. కాస్త మర్యాదగానే చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, తల పంకించి, "అయ్యయ్యో, చీటీ ఊడొచ్చేత్తందన్నమాట" అన్నాడు.

నిన్న మళ్లీ వెళ్లాను. నన్ను చూడగానే మొహం వెలిగింది. పెట్టె ముందుకి జరిపి ఒక బిళ్ల తీసి చూపించాడు.

"మరింక ఊడదు బాబూ. చీటీ మీద సెల్లోటేపు ఏసినాను. అన్నిటికీని."