కవులు ఓడారు, కంకులు గెలిచాయి

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జనవరి శనివారాల్లో ఏం జరుగుతోందో మన తెలుగు సంఘాల పెద్దలకు తెలిసినట్టు లేదు. తెలిస్తే ఈపాటికి ఒక తీర్మానమైనా చేసి ఉండేవారు. బయట మైనస్ 20 డిగ్రీలు. కోత అయిపోయిన మొక్కజొన్న చేల మీద మోకాల్లోతు మంచు. ఆ చేల మధ్య ఒక చిన్న ఊరు, ఆ ఊళ్లో ఒక కాలేజీ, ఆ కాలేజీ జిమ్ములో పదిమంది కుర్రాళ్లు బనీన్లు వేసుకుని చెమటలు కక్కుతూ బాస్కెట్‌బాల్ వెంట పరుగెడుతుంటారు. వాళ్లకు జీతం లేదు. టీవీలో కనబడరు. చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మంది అమ్మానాన్నలు, మిగతావాళ్లలో సగం రూమ్మేట్లు. ఎవరికీ చెందకుండా ఒంటరిగా మూల కూర్చున్నవాణ్ణి నేను.

ఒక్క ఊరి సంగతైతే పోనీలే అనుకోవచ్చు. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏలో డివిజన్ త్రీ అని ఒక తరగతి ఉంది. అందులో 400కు పైగా కాలేజీలు. చదువును బట్టి ఫీజు తగ్గిస్తారు, ఇంటి పరిస్థితిని బట్టి తగ్గిస్తారు, బంతి బాగా వేస్తాడని మాత్రం పైసా తగ్గించకూడదు. అదీ అక్కడి రూలు. అంటే కుర్రాడు సొంత ఫీజు తనే కట్టుకుని, తెల్లారకుండా లేచి ప్రాక్టీసు చేసి, నాలుగు గంటలు బస్సులో కూర్చుని కెమిస్ట్రీ చదువుకుంటూ వెళ్లి, ఇంకో ఊళ్లో ఓడిపోయి తిరిగొస్తాడు. దీనివల్ల ఏం లాభమని ఆ దేశంలో ఎవరూ అడగడం లేదు. మన ఇళ్లలో పిల్లాడు బంతి పట్టుకుంటే ముందు స్పోర్ట్స్ కోటా ఉందా అని చూస్తాం. ఉంటే అది క్రీడ, లేకపోతే జులాయితనం. ఇంత సులువైన తూనిక వాళ్లకెందుకు తట్టలేదో!

అందుకే ఈ వ్యవహారం మీద నేను ఏకసభ్య కమిషన్‌గా ఏర్పడ్డాను. నన్నెవరూ వేయలేదు. మూడు చలికాలాలుగా విచారణ సాగుతోంది. మన కమిషన్ల సంప్రదాయాన్ని గౌరవిస్తూ గడువు పొడిగించుకుంటూ వస్తున్నాను. పొడిగింపు ఇవ్వాల్సింది మా ఆవిడ. ఈ మధ్య ఆవిడ ఫైలు చూడటానికే ఇష్టపడటం లేదు.

అమ్మకైతే విచారణ సంగతి అసలే అర్థం కాలేదు. మాకు శనివారం పొద్దున అయ్యేసరికి అక్కడ రాత్రి, భోజనాలు చేసి ఫోన్ చేస్తుంది.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"మ్యాచ్‌కి బయల్దేరుతున్నానమ్మా."

"మన పిల్లలు ఆడుతున్నారా?"

"కాదు, ఇక్కడి కాలేజీ కుర్రాళ్లు."

"నీకు తెలిసినవాళ్లా?"

"కాదమ్మా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "కోడలితో ఏమన్నా గొడవైందా?" అంది.

విచారణలో ప్రధాన ముద్దాయి గ్రిన్నెల్ కాలేజీ. మా డెమోయిన్ నుంచి ఐ-80 హైవే మీద తూర్పుకు గంట ప్రయాణం, దారిలో ట్రక్కులేవీ బోల్తా పడకపోతే. మొత్తం విద్యార్థులు 1,700 మంది. మన కార్పొరేట్ కాలేజీలు అంతమందిని ఒక అపార్టుమెంటులో సర్దేస్తాయి. ఇంటెల్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకడైన రాబర్ట్ నాయిస్ ఇక్కడే 1949లో డిగ్రీ పుచ్చుకున్నాడు. చదువుకునే రోజుల్లో ఏదో విందు కోసం ఒక రైతు పందిపిల్లను ఎత్తుకొచ్చి ఒక సెమిస్టర్ సస్పెండ్ అయ్యాడు కూడా. ఆయన కనిపెట్టిన చిప్పు పుణ్యమా అని మనలో చాలామందికి అన్నం దొరుకుతోంది కాబట్టి పంది కేసు మీద నేనేమీ వ్యాఖ్యానించను.

ఈ కాలేజీ జట్టు ఆటకు 'సిస్టమ్' అని పేరు. డేవిడ్ ఆర్సెనో అనే కోచ్ తయారుచేశాడు, తర్వాత అది కొడుకు చేతికొచ్చింది. వారసులు మనకు కొత్త కాదు. కాకపోతే ఇక్కడ వారసుడికి పాలాభిషేకాలు చేసేవాళ్లు లేరు. సిస్టమ్ లెక్క ఇదీ: మ్యాచ్‌కు 94 షాట్లు వేయాలి, అందులో 47 దూరం నుంచే, అంటే త్రీ పాయింటర్లే కావాలి, అవతలివాళ్ల చేత 32 సార్లు బంతి పోగొట్టించాలి. ఇంత పరుగు పెడితే ఎవడికైనా ఆయాసం వస్తుంది కనుక నిమిషం తిరక్కుండా ఐదుగురినీ లేపేసి కొత్తగా ఐదుగురిని దింపుతారు. పెళ్లి భోజనాలకు వెళ్లినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఒక బంతి మజ్జిగ దగ్గరుండగానే రెండో బంతివాళ్లు వచ్చి కుర్చీల వెనక నిలబడతారు చూశారా, అదే.

2012 నవంబరు 20న ఈ సిస్టమ్ ముదిరి పాకాన పడింది. జాక్ టేలర్ అనే కుర్రాడు ఒక్కడే 138 పాయింట్లు కొట్టాడు. ఆడింది 36 నిమిషాలు, వేసింది 108 షాట్లు, పడ్డవి 52. అంటే ఆ రాత్రి చరిత్ర సృష్టించిన మనిషి 56 సార్లు గురి తప్పాడు. మన పిల్లల్లో ఎవడన్నా 108 ప్రశ్నల్లో 56 తప్పు చేసి వస్తే చరిత్ర ఇంకోలా ఉంటుంది.

నాకు టేలర్ మీద ఈర్ష్య లేదు. నా బెంగంతా అవతలి జట్టులో ఆడిన డేవిడ్ లార్సన్ గురించి. ఫెయిత్ బాప్టిస్ట్ అనే బైబిల్ కాలేజీ కుర్రాడు. అదే రాత్రి అతను 70 పాయింట్లు కొట్టాడు. ఇంకే రాత్రయినా ఊరేగించేవారు. స్కోరు 179-104. జన్మలో మళ్లీ రాని 70 పాయింట్లు కొట్టి 75 తేడాతో ఓడిపోయాడు. ఇతని గోడు అమెరికాలో ఎంతమందికి అర్థమైందో తెలియదు గాని, లెక్కల్లో 98 తెచ్చుకుని పరుగెత్తుకుంటూ ఇంటికొస్తే పక్కింటివాడి 100 అప్పటికే గుమ్మంలో కూర్చుని ఉండటం చూసిన తెలుగువాళ్లందరికీ అర్థమవుతుంది.

ఈ ఆట పుట్టిందే చలికి. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, బయట ఆడలేక లోపల గోల చేస్తున్న కుర్రాళ్లను అదుపులో పెట్టమంటే జేమ్స్ నైస్మిత్ అనే మేష్టారు రెండు పీచ్ పళ్ల బుట్టలు జిమ్ము బాల్కనీకి కొట్టించాడు. మొదటి మ్యాచ్ 1-0. ఆ మేష్టారికి 179 అని చెబితే బుట్టలు విప్పించేసేవాడు.

ఇక కాలిఫోర్నియాలోని సైన్సు చదువుల కాల్టెక్. ఆ పేరు వింటే మన తల్లిదండ్రులు లేచి నిలబడతారు. అక్కడ సీటొస్తే ఊళ్లో ఫ్లెక్సీ కడతారు. ఆ ఫ్లెక్సీలో రాయనిది ఏమిటంటే, కాల్టెక్ బాస్కెట్‌బాల్ జట్టు 1985 నుంచి 2011 దాకా చుట్టుపక్కల కాలేజీల కూటమి అయిన తన కాన్ఫరెన్స్‌లో వరసగా 310 మ్యాచ్‌లు ఓడింది. మూడువందల పది! 2011 ఫిబ్రవరి 22న ఆక్సిడెంటల్ కాలేజీ మీద 46-45తో గెలిచింది. ఒక్క పాయింటు, అదీ ఫ్రీ త్రోతో, అంటే ఎవరూ అడ్డం రాకుండా వేయనిచ్చే బంతితో. పిల్లలంతా కోర్టులోకి దూకేశారు. రాకెట్లు ఎగరేయడం తెలిసినవాళ్లే, ఒక బంతి గాల్లోకి వెళ్లి కిందికి రావడానికి పాతికేళ్లు పట్టింది.

నన్ను కలవరపెట్టింది ఓటములు కాదు, అన్నేళ్లూ ఆ జట్టును ఎవరూ మూసేయకపోవడం. 200వ ఓటమి తర్వాత 201వ దానికి కూడా ఎవడో బూట్ల లేసులు కట్టుకుని దిగాడు. మన దగ్గర జూనియర్ కాలేజీ అయితే మూడో ఓటమికి ఆ స్థలంలో కొత్త బ్లాకు లేచేది. లేదు, తప్పు మాట్లాడాను. మన జూనియర్ కాలేజీలో మొదటి ఓటమికైనా ముందు గ్రౌండు ఉండాలి కదా.

మిషిగన్‌లో హోప్ అని, కాల్విన్ అని రెండు కాలేజీలున్నాయి. మధ్య దూరం అరగంట. రెండూ డచ్చి మూలాలున్న ప్రొటెస్టెంట్లవే. 19వ శతాబ్దంలో చర్చి రెండుగా చీలింది, ఇది ఆ చీలికది, అది ఈ చీలికది. మన వైష్ణవుల్లో వడగలై, తెంగలై నామాల తగాదా తెలిసినవారికి మిగతాది చెప్పనక్కర్లేదు. మనవాళ్లు కోర్టుకెక్కారు, వీళ్లూ కోర్టుకే దిగారు. వీళ్ల కేసు మాత్రం రెండు గంటల్లో తేలిపోతుంది.

పేర్ల సంగతి విడిగా విచారించాల్సింది. టీవీలో వచ్చే పెద్ద కాలేజీలకు పులులు, ఎలుగులు, గద్దలు సరిపోయాయి. వీళ్ల దాకా వచ్చేసరికి జంతువులు అయిపోయినట్టున్నాయి. కాలిఫోర్నియాలో విట్టియర్ కాలేజీ జట్టు పేరు 'పొయెట్స్'. కవులు! శాంతాక్రూజ్‌లో యూనివర్సిటీ జట్టుకు పసుపు రంగు నత్త పేరు. ఒహాయో వెస్లియన్ వాళ్లు 'బ్యాట్లింగ్ బిషప్స్', అంటే పోట్లాడే పెద్ద పాదిరీలు. మిన్నెసోటాలో కాంకార్డియా వాళ్లు 'కాబర్స్', బొమ్మ చూస్తే కోపంగా ఉన్న మొక్కజొన్న కంకి. కాబట్టి శనివారం రాత్రి మా ఆవిడ "ఏమైంది?" అని అడిగితే, "కవులు ఓడారు, కంకులు గెలిచాయి" అని నేను నిజమే చెప్పాను. దానికి ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మనవాళ్లకు ఈ పాపంలో భాగం లేదనుకోకండి. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వెళ్లి 1994లో కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డు తీసుకున్న రాజ్‌రెడ్డి గారు పాఠాలు చెప్పిన కార్నెగీ మెలన్, సత్య నాదెళ్ల ఎంబీఏ చేసిన షికాగో యూనివర్సిటీ, రెండూ డివిజన్ త్రీలోనే ఆడతాయి. ఈ సంగతి మన ప్రవాస సభల్లో ఏ సన్మానపత్రంలోనూ రాయలేదు.

అన్ని జిమ్ములకూ వెళ్లలేం గనుక మిగతావి కంప్యూటర్లో చూడాలి. తూర్పున మధ్యాహ్నం మొదలై కాలిఫోర్నియాలో ముగిసేసరికి మాకు అర్ధరాత్రి దాటుతుంది. ఒకటే కెమెరా, దాని వెనక ఒక ఫస్టియర్ పిల్లాడు. వాడికి ఆట మీద ఆసక్తి కలిగితే కెమెరా బంతి వైపు తిరుగుతుంది, లేకపోతే చీర్‌లీడర్ల దగ్గర ఉంటుంది. కామెంట్రీ చెప్పేవాడు ఆటగాడి మేనరికం దాకా చెబుతాడు, స్కోరు చెప్పడు. మొన్న ఒక కాలేజీ మ్యాచ్, పేరెందుకులెండి, 71-71 దగ్గర నాలుగు సెకన్లు మిగిలుండగా బొమ్మ ఆగిపోయింది. బంతి గాల్లో ఉంది. పదిహేను నిమిషాలు అలాగే గాల్లో ఉంది. నేను ఈలోపు పెరుగు తోడుపెట్టి వచ్చాను. ఇంకా గాల్లోనే ఉంది.

ఇండియానాలోని టేలర్ యూనివర్సిటీలో (ఆ టేలర్ వేరు, ఈ టేలర్ వేరు, పైగా ఇది డివిజన్ త్రీ కూడా కాదు) డిసెంబరు పరీక్షల ముందు ఒక మ్యాచ్ ఉంటుంది. తమ జట్టు పదో పాయింటు కొట్టేదాకా జిమ్ము నిండా ఉన్న జనం నోరు విప్పరు. పదో పాయింటు పడగానే కప్పు లేచిపోతుంది. ముఖ్య అతిథి మైకు ముందుండగా మనవాళ్లు పది సెకన్లు అలా కూర్చోగలరా అన్నది నేను నివేదికలో రాయదలుచుకోలేదు.

రాయాల్సింది సంక్రాంతి గురించి. అమెరికాలో సంక్రాంతి పంచాంగాన్ని బట్టి రాదు, హైస్కూల్ ఆడిటోరియం ఏ శనివారం ఖాళీగా ఉంటే ఆ శనివారం వస్తుంది. ఈసారి సరిగ్గా గ్రిన్నెల్ మ్యాచ్ రోజున వచ్చింది. పొడిగింపు అడిగాను, దొరకలేదు. పట్టుపంచె కట్టించి రెండో వరసలో కూర్చోబెట్టారు. స్టేజీ మీద పిల్లలు హరిదాసు వేషాల్లో ఉన్నారు, నేను లాల్చీ జేబులోంచి ఫోన్ తీసి స్కోరు చూస్తున్నాను. పక్క సీట్లో పెద్దాయన, ఇన్సూరెన్స్ కంపెనీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయిన మనిషి, తొంగి చూశారు.

"ఏంటి బాబూ, స్టాక్సా?"

శనివారం మార్కెట్ ఉండదన్న సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. "అవునండీ" అనేశాను. పరువుగల అబద్ధం అది.

"ఏది?"

"గ్రిన్నెల్ అండీ."

"ఎప్పుడూ వినలేదే. చిన్నదా?"

"చిన్నదేనండీ. మొత్తం 1,700 మంది."

"ఎలా ఉంది?"

"ఇందాక సున్నా దగ్గర మొదలైందండీ. ఇప్పుడు 58."

ఆయన అరిసె నమలడం ఆపారు. "ఎంతసేపట్లో?"

"ముప్పావు గంటలో."

"రిస్కు?"

"చాలా ఉందండీ. అవతలివాళ్లు 63."

"కాంపిటీషన్ ఉండాలిలే," అన్నారు తల పంకిస్తూ. తర్వాత ముగ్గుల పోటీ ఫలితాలు చెప్పారు, పులిహోర అయిపోయింది, నేను ఆ మాట మర్చిపోయాను.

మళ్లీ శనివారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్.

"బాబూ, నేను. మా అల్లుడికి కూడా చెప్పాను. ఆ గ్రిన్నెల్ ఇప్పుడెంతలో ఉంది?"

"ఇంకా మొదలవలేదండీ. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది."

"సున్నాకొస్తుందా!"

"ప్రతి శనివారం వస్తుందండీ."

"సరే సరే," అన్నారాయన, దగ్గర్లో ఎవరన్నా వింటున్నారేమో అన్నట్టు గొంతు తగ్గించి. "అయితే మూడింటికి కొనాలన్నమాట."