గేమింగ్ జీన్‌కి రచనలు అడిగే ముందు

తెలుగు పత్రికలకు కథ పంపిన వాళ్ళందరికీ హామీ పత్రం సంగతి తెలుసు. "ఈ రచన నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు" అని రాసి, సంతకం పెట్టి, కథతో పాటు పంపుతాం. అలా అడగడం న్యాయమే. కాకపోతే ఆ కాగితంలో హామీ ఇచ్చేది రచయిత ఒక్కరే. అందిందని చెబుతామనీ, ఫలానా రోజులోగా ఏ సంగతో తేలుస్తామనీ, మీ వాక్యం మార్చాల్సి వస్తే మిమ్మల్ని అడుగుతామనీ అవతలి వైపు నుంచి ఏ హామీ ఉండదు.

మన సంఘంలో బోర్డు గేములూ, పాత్రలుగా మారి కథ నడిపే రోల్‌ప్లే గేములూ ఆడే కొందరం కలిసి ఒక జీన్ తేవాలనుకుంటున్నాం. ఆటలంటే ఇష్టం ఉన్నవాళ్ళే రాసి, బొమ్మలు వేసి, పేజీలు పేర్చి, ఫోటోకాపీ తీసో అచ్చు వేయించో పంచుకునే చిన్న పత్రిక అన్నమాట. ఎవరికీ జీతం లేదు, పారితోషికం లేదు. పది మంది చెయ్యి వేస్తేనే సంచిక బయటికొస్తుంది. అందుకని ముందుగా 'రచయితలకు సూచనలు' రాసుకుందామనుకున్నాం. ముసాయిదా చూశాను. ఇన్ని పదాలు మించకూడదు, ఈ ఫాంటే వాడాలి, గడువు దాటితే తీసుకోం... మొదటి నుంచి చివరి దాకా అన్నీ పంపేవాళ్ళు చేయాల్సినవే. ఆ పేజీని తిరగేసి రాయాలని నా అభిప్రాయం. సంపాదకులు ఏం చేస్తారో పైన, రచయితలు ఏం చేయాలో కింద.

డబ్బులిచ్చే పత్రిక జవాబు చెప్పడానికి ఆలస్యం చేసినా రచయిత ఓపిక పడతాడు. మనం ఇవ్వగలిగింది నమ్మకం ఒక్కటే. ఉద్యోగం, పిల్లలు, ఇంటి పని అన్నీ అయ్యాక రాత్రి కూర్చుని ఆటలో ఆడే ఒక చిన్న సాహస కథ రాసి పంపిన మనిషికి, నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకపోతే ఆ మనిషి మళ్ళీ మన మొహం చూడరు. బాగాలేదని చెప్పినా అంత బాధ ఉండదు. కాబట్టి పేజీ మొదట్లోనే మన మాట ఇచ్చేద్దాం. రచన అందిన వారంలోగా "అందింది" అని ఒక జవాబు. గడువు ముగిసిన నెలలోగా తీసుకుంటున్నామో లేదో చెప్పడం. తీసుకోకపోతే ఎందుకో రెండు వాక్యాలు. తీసుకుంటే, అచ్చుకు వెళ్ళే ముందు ఆ పేజీల ప్రూఫ్ రచయిత చూసుకునే వీలు. సంచిక వచ్చాక ఒక ప్రతి. నెలలో చెప్పడం కష్టమనుకుంటే ఆరు వారాలని రాద్దాం. "త్వరలో తెలియజేస్తాం" అని మాత్రం రాయొద్దు. ఆ మాటకు క్యాలెండర్‌లో తేదీ ఉండదు.

ఇంకొకటి తేల్చుకోవాలి. వచ్చినవాటిలోంచి ఎంచి, దిద్ది వేసే పత్రికా మనది, లేక ఎవరి పేజీ వాళ్ళదేనా? ఆటల పత్రికల్లో రెండు దారులూ పాతవే. 1975లో అమెరికాలో లీ గోల్డ్ మొదలుపెట్టిన 'అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్' రెండో దారిది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లే గేమ్ వచ్చిన మరుసటి ఏడాదే మొదలై దశాబ్దాల పాటు నడిచింది. ఎవరి పేజీలు వాళ్ళు రాసి పంపేవారు, అన్నిటినీ కలిపి ఒక కట్టగా అందరికీ పంపేవారు. పోయిన సంచికలో ఒకరు లేవనెత్తిన సందేహానికి ఈ సంచికలో మరొకరు జవాబు రాసేవారు. ఎంచి, కత్తిరించి వేయడం దాని పద్ధతి కాదు. అప్పుడే పుట్టిన ఒక ఆటను ఎలా ఆడాలో ఆడేవాళ్ళే ఒకరికొకరు నేర్పుకున్నది ఇలాంటి పేజీల్లోనే. తర్వాత 1976లో వచ్చిన 'ది డ్రాగన్', 1977లో వచ్చిన 'వైట్ డ్వార్ఫ్' మామూలు పత్రికల్లాగా సంపాదకులు నడిపినవి.

మన జీన్‌కి రెండూ కావాలనే నా కోరిక. ముందు పేజీలు ఎంచి దిద్దినవి. వెనక కొన్ని పేజీలు ఒక్కొక్కరికి అరపేజీ చొప్పున, దూషణ లేకపోతే చాలు, ఉన్నదున్నట్టు వేసేవి. ఎప్పుడూ ఏమీ రాయని వాళ్ళకు ఆ అరపేజీ గుమ్మం లాంటిది. అక్కడ రెండుసార్లు రాసినవాళ్ళు మూడోసారి ముందు పేజీలకు వస్తారు. అయితే ఏది ఏ భాగమో సూచనల్లో స్పష్టంగా ఉండాలి. తన వ్యాసం దిద్దుతారని తెలియక పంపినవారికి దిద్దిన ప్రతి చూస్తే కోపం రావడం సహజం.

ఏం పంపాలో చెప్పే చోట "ఆటలకు సంబంధించి ఏదైనా" అని ముసాయిదాలో ఉంది. ఉదారంగా కనిపిస్తుంది గానీ, ఆ మాట చదివి ఎవరూ కలం తీయరు. ఏదైనా అనగానే ఏదీ తోచదు. దానికి బదులు ఇలా అడగాలి: ఒక్క పేజీలో పట్టే ఒక గది, అందులో ఒక చిక్కు, దాంట్లోంచి బయటపడటానికి కనీసం రెండు దారులు. పాచిక వేసి, పడిన అంకె ఎదురుగా ఉన్నది చదువుకునే ఆరు వరుసల పట్టిక ఒకటి. మీ బృందం ఒక ఆటలో మార్చుకున్న నియమం, అలా ఎందుకు మార్చుకున్నారో. మీరు ఆడిన ఒక సాయంత్రం ఎలా నడిచిందో. ఒంటరిగా ఆడుకునే చిన్న ఆట. చేత్తో గీసిన మ్యాపు. వీటితో పాటు ప్రతిదానికీ ఒక నమూనా సంపాదక బృందమే రాసి జత చేయాలి. మనం రాయలేనిది ఇంకొకరిని అడగడం సరికాదు. పైగా నమూనా చూస్తే సగం ప్రశ్నలు అడగకుండానే తీరిపోతాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. ఆడి చూడని ఆటను వేయకూడదు. రాసినవాళ్ళు ఆడితే సరిపోదు, వాళ్ళు పక్కన లేకుండా వేరేవాళ్ళు కాగితం చూసి ఆడాలి. రాసినవాళ్ళకు బుర్రలో ఉన్నదంతా కాగితం మీదా ఉన్నట్టే అనిపిస్తుంది. గదికి తాళం ఉందని రాస్తారు, తాళంచెవి ఎక్కడుందో రాయడం మర్చిపోతారు. ఎదురుగా కూర్చుని ఆడిస్తున్నప్పుడు నోటితో చెప్పేస్తారు కాబట్టి ఆ లోపం బయటపడదు.

పట్టికల్లో ఇది మరీ ఎక్కువ. నూరు దాకా వచ్చే పాచికకు 1 నుంచి 20, 21 నుంచి 40, 40 నుంచి 60 అని రాసిన పట్టికలు చాలా చూశాం. 40 పడితే ఏ వరుస చదవాలి? చివర 81 నుంచి 99 అని ముగిస్తే 100 పడిన మనిషి గతేమిటి? రెండు ఆరుముఖాల పాచికలు కలిపి వేసే పట్టిక అయితే ఇంకో రకం తిప్పలు. అవి పడే 36 తీరుల్లో 7 వచ్చేవి ఆరు, 2 వచ్చేది ఒక్కటే, 12 వచ్చేదీ ఒక్కటే. రచయిత మనసుపడి రాసిన అద్భుతమైన సంఘటనను మొదటి వరుసలో, అంటే 2 దగ్గర పెడితే, ఆడేవాళ్ళలో చాలామంది దాన్ని చూడకుండానే ఆట ముగించేస్తారు. అరుదుగా రావాలనే అక్కడ పెట్టారా, మొదట తోచింది కాబట్టి మొదట రాశారా? ఈ ప్రశ్న సంపాదకులు అడగాలి, సూచనల్లోనూ ఉండాలి. "మీరు లేకుండా ఎవరు ఆడి చూశారు, వాళ్ళకు ఎక్కడ సందేహం వచ్చింది" అని రెండు గళ్ళు పెడితే చాలు. ఆడి చూసినవాళ్ళ పేర్లు రచన కింద వేద్దాం. వాళ్ళు పెట్టిన సమయం కూడా సంచికలో భాగమే. ఆడేందుకు మనుషులు దొరకని రచయితలు ఉంటారు. వాళ్ళకు బృందాన్ని వెతికిపెట్టే బాధ్యత మనం తీసుకుంటామని పై భాగంలో మరో హామీగా చేర్చాలి.

దిద్దడం విషయంలోనూ ఆట రచనలకు, మామూలు వ్యాసాలకు తేడా ఉంది. వ్యాసంలో వాక్యం కుదిస్తే అందం పెరగొచ్చు. నియమంలో మాట కుదిస్తే ఆటే మారిపోతుంది. "రెండు పాచికలు వేసి వాటిలో పెద్దదాన్ని తీసుకోండి" అన్న వాక్యం పొడుగ్గా ఉందని "రెండు పాచికలు వేయండి" అని కుదించామనుకోండి. మొదటిదాని సగటు నాలుగున్నరకు కాస్త తక్కువ. రెండోదాన్ని చదివినవాళ్ళు రెండూ కలుపుకుంటారు, సగటు 7. అది దెబ్బ ఎంత గట్టిదో చెప్పే నియమమైతే, ఎనిమిది దెబ్బలకు చావాల్సిన రాక్షసుడు ఐదారు దెబ్బలకే చస్తాడు. సంపాదకులకు భాష బాగా వచ్చినంత మాత్రాన ఈ ప్రమాదం తప్పదు. కాబట్టి సూచనల్లో గీత గీసి చెబుదాం: అక్షర దోషాలు, విరామ చిహ్నాలు అడగకుండా సరిచేస్తాం. వాక్యాలు మారిస్తే చూపిస్తాం. అంకెలు, నియమాలు మీరు ఒప్పుకుంటే తప్ప ముట్టుకోం.

గడువు దగ్గర అంత వాదన అక్కర్లేదు. 1963లో జాన్ బోర్డ్‌మన్ 'గ్రౌస్టార్క్' అనే పత్రికతో డిప్లమసీ అనే యుద్ధపు బోర్డు గేమును పోస్టులో ఆడించడం మొదలుపెట్టారు. ఆ ఆటలో ఆజ్ఞ అందని సైన్యం ఉన్నచోటే నిలబడిపోతుంది, మిగతావాళ్ళ ఎత్తులతో ఆట ముందుకు సాగుతుంది. మన గడువు కూడా అలాగే ఉంటే బాగుంటుంది. ఆలస్యమైన రచన తర్వాతి సంచికకు జరుగుతుంది, సంచిక మాత్రం ఎవరి కోసమూ ఆగదు. గడువు దాటినందుకు రచనను పారేయడం దండగ. ఒకరి కోసం అందరినీ ఆపడం, సమయానికి పంపినవాళ్ళకు అన్యాయం.

ఫైళ్ళ సంగతి నాలుగు వాక్యాల్లో అయిపోవాలి, పక్కనే కారణం కూడా ఉండాలి. కారణం తెలిస్తే మనుషులు నియమాన్ని పాటిస్తారు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి, 32 పేజీల్లో పట్టాల్సింది ఒక్క పేజీ మించితే 36 అవుతుంది, అందుకే పదాల పరిమితి. ఏ5 పేజీ (ఏ4లో సగం) నిండా వేసే బొమ్మ 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, 1748 × 2480 పిక్సెళ్ళు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించుకుపోతుంది, కాబట్టి ఈమెయిల్‌లో పంపమనాలి. మ్యాపులో ఎరుపు, ఆకుపచ్చ రంగులతో తేడా చూపిస్తే నలుపు తెలుపు ప్రింటులో రెండూ దాదాపు ఒకే బూడిద రంగుగా రావొచ్చు, గీతల తీరు మార్చి చూపించమందాం. తెలుగులో రాసేవాళ్ళు యూనికోడ్‌లో పంపాలి, పాత ఫాంట్లలో టైపు చేసినది ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే చదవడానికి రాదు.

హక్కుల విషయం ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడరు, స్నేహితుల మధ్య కాగితాలెందుకు అంటారు. స్నేహం నిలవాలంటేనే కాగితం కావాలి. ఆట ఆడే పద్ధతికి సాధారణంగా కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన మాటలకు, వేసిన బొమ్మలకు ఉంటుంది. కాబట్టి ఎవరి ఆటలోని ఆలోచననైనా తీసుకుని సొంత మాటల్లో రాయొచ్చు, పుస్తకంలోని పేరాలు ఎత్తి రాయకూడదు. రచన మీద యాజమాన్యం రచయితదే. జీన్ అడగాల్సింది ఈ సంచికలో అచ్చుకూ, దాని పీడీఎఫ్‌కూ అనుమతి మాత్రమే. రేపు అన్నీ కలిపి సంకలనం వేయాలనిపిస్తే మళ్ళీ అడగాలి. షరతులకు లోబడి ఎవరైనా వాడుకోవచ్చని ముందే అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఇద్దామనుకుంటే, ఒకసారి ఇచ్చాక దాన్ని వెనక్కి తీసుకోలేమని రచయితకు ముందే చెప్పాలి. ప్రతులు అమ్మగా వచ్చిన డబ్బులో ఖర్చులు పోను ఏమైనా మిగిలితే అది ఎటు పోతుందో కూడా ఇక్కడే రాయాలి.

యంత్రంతో రాయించిన పేజీలు, గీయించిన బొమ్మలు తీసుకుంటారా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నేనైతే వద్దంటాను. మనుషులు రాయడం కోసమే ఈ పత్రిక పెడుతున్నాం, సంచిక నింపడానికి కాదు. స్పెల్లింగ్ చూసుకోవడానికి, అనువాదంలో సాయానికి వాడుకుంటే ఆ మాట చెబితే చాలు. మిగతావాళ్ళు ఒప్పుకోకపోయినా సరే, ఏదో ఒకటి రాసి ఉంచాలి. రాయకపోతే ప్రతి సంచికకూ అదే గొడవ. అలాగే ఆడిన సాయంత్రం గురించి రాసేవాళ్ళు తోటి ఆటగాళ్ళ పేర్లు వేయడానికి వాళ్ళ అనుమతి తీసుకోవాలి.

ఇదంతా ఒక్క కాగితానికి రెండు వైపులా పట్టాలి. కింద తేదీ వేయాలి. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురించే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్, తమ నియమాలను ఇతరులు సొంత పుస్తకాల్లో వాడుకోనిస్తూ 2000 నుంచి అమల్లో ఉన్న తమ ఓపెన్ గేమ్ లైసెన్సును మార్చబోతోందని తెలిసినప్పుడు అభిమానులు, చిన్న ప్రచురణకర్తలు భగ్గుమన్నారు. కొత్త షరతులు కఠినంగా ఉండటం ఒక కారణం. పాత షరతులను నమ్మి ఇరవై ఏళ్ళుగా పుస్తకాలు వేసుకున్నవాళ్ళ కింద నేల కదిలిపోవడం మరింత పెద్ద కారణం. చివరికి సంస్థ వెనక్కి తగ్గి పాత లైసెన్సును అలాగే ఉంచింది, ఐదో ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. మన సూచనలు కూడా మారతాయి, మారాలి. మొదటి సంచిక అయ్యాక సగం తిరగరాస్తామేమో. అందుకే రచన అందిన రోజున ఏ తేదీ సూచనలు అమల్లో ఉన్నాయో అవే ఆ రచనకు వర్తిస్తాయని ఒక వాక్యం చేర్చి, పాత ప్రతులు కూడా ఎవరడిగినా చూపించేలా దాచి ఉంచాలి. వచ్చే సమావేశంలో ఆ వాక్యాన్ని నేనే ప్రతిపాదిస్తాను.